300 డాలర్ల ఎయిర్ ఫ్రైయర్ ఓవెన్ కొనాలా, వద్దా?

‘డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్. వచ్చి నాలుగు నెలలైంది, ఇద్దరమే ఉంటాం. పదకొండు రకాల పనులు చేసే ఎయిర్ ఫ్రైయర్ ఓవెన్ సేల్లో 300 డాలర్లకు వస్తోంది. ఆదివారంతో సేల్ అయిపోతుంది. కొనేయమంటారా?’ ఇదీ సందేహం.

ఈ ఆదివారానికైతే వద్దు. సేల్ ఎక్కడికీ పోదు. మెమోరియల్ డే వెళ్తే జులై నాలుగు వస్తుంది, అది వెళ్తే థ్యాంక్స్‌గివింగ్. కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రతి సేలూ ఆఖరిదిలాగే కనిపిస్తుంది. ఇక్కడ రెండు దీపావళులు గడిపితే ఆ కంగారు దానంతటదే తగ్గుతుంది. ముందు అసలు అక్కడ అమ్ముతున్నదేమిటో చూద్దాం.

ఆ పదకొండు పనుల్లో లోపల ఉండేవి రెండే: వేడెక్కే రాడ్లు, ఒక ఫ్యాను. ఫ్యాను జోరుగా తిరిగితే ఎయిర్ ఫ్రై, నెమ్మదిగా తిరిగితే కన్వెక్షన్ బేక్. పై రాడ్లు మాత్రమే వెలిగితే బ్రాయిల్, పైనా కిందా వెలిగితే టోస్ట్. పిజ్జా, కుకీస్, బేగల్, రీహీట్ అనే బటన్లన్నీ వేడినీ టైమునూ ముందే నింపిపెట్టినవి. వేరే యంత్రం ఏదీ లేదు. అందుకని బటన్లు లెక్కపెట్టి డబ్బు పెట్టకండి. పెట్టాల్సింది పళ్ళెం వైశాల్యానికీ, ఫ్యాను బలానికీ, శుభ్రం చేసుకునే వీలుకూ.

ఇంకో సంగతి. అద్దెతో పాటే మీకు ఒక పెద్ద ఓవెన్ వచ్చింది. మనవాళ్ళ ఇళ్ళలో నూటికి తొంభై మంది అందులో మూకుళ్ళూ, కుక్కరూ, పాత నూనె గిన్నే దాచుకుంటారు. అవన్నీ బయటికి తీసి లోపల చూడండి. వెనక గోడకు గుండ్రటి జాలీ, దాని వెనక ఫ్యాను ఉంటే అది కన్వెక్షన్ ఓవెన్. ఈమధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి ఎయిర్ ఫ్రై బటన్ కూడా ఉంటోంది. ఫ్యాను లేకపోయినా ఫర్వాలేదు. పదీ పదిహేను డాలర్లకు దొరికే అల్యూమినియం షీట్ ప్యాన్ ఒకటి తెచ్చుకుని, పై అరలో పెట్టి, 425 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఒక నెల వేపుళ్ళు చేసి చూడండి. వారానికి మూడుసార్లు ఓవెన్ వెలిగిస్తున్నారంటే మీకు చిన్న ఓవెన్ పనికొస్తుంది. నెలలో రెండుసార్లు కూడా వెలిగించకపోతే, 300 డాలర్లు పెట్టినంత మాత్రాన ఆ అలవాటు రాదు.

అమ్మేవాళ్ళు చెప్పే కరెంటు ఆదా మాటకు వద్దాం. 1,800 వాట్ల యంత్రం అరగంట ఆపకుండా తిరిగినా 0.9 యూనిట్. యూనిట్ 16 సెంట్లనుకుంటే 14, 15 సెంట్లు. పెద్ద ఓవెన్ వేడెక్కే టైముతో కలిపి ముప్పావుగంట నడిస్తే ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు, అంటే ఇంచుమించు 30 సెంట్లు. మిగిలేది సుమారు 15 సెంట్లు. 300 డాలర్లు ఆ దారిలో వెనక్కి రావాలంటే 2,000 సార్లు వండాలి. రోజూ వండినా అయిదేళ్ళు దాటుతుంది. కాబట్టి కరెంటు బిల్లు కోసం ఎవరూ దీన్ని కొనకూడదు. టెక్సస్ ఎండాకాలంలో పెద్ద ఓవెన్ ఇల్లంతా వేడెక్కిస్తుంది, ఏసీ దాని మీద పోరాడుతుంది. చిన్నదానితో ఆ బాధ తగ్గే మాట నిజం. దాన్ని మించిన లాభం బయట తిండి తగ్గడం. ఇద్దరు బయట తింటే పన్నూ టిప్పూ కలిపి 40 డాలర్లకు తగ్గదు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రాత్రి ఈ డబ్బా పుణ్యాన నెలకు రెండు భోజనాలు తగ్గినా నాలుగు నెలల్లో ఖరీదు వచ్చేసినట్టే. వాడితేనే సుమా. వారానికి ఒక్కసారి వాడితే మొదటి ఏడాది ఒక్కో వేపుడికి ఆరు డాలర్లు పడుతుంది. నాలుగుసార్లు వాడితే డాలరున్నర.

మన వంటలో ఇది బాగా చేసేది ముక్కల వేపుళ్ళు. పౌను బెండకాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, అర అంగుళం ముక్కలు కోయండి. మూడు టీస్పూన్ల నూనె చేత్తో పట్టించి, ముక్క మీద ముక్క పడకుండా ఒకే వరసలో పరిచి, 375 డిగ్రీల్లో 16 నుంచి 18 నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో ఒకసారి కలపాలి. ఉప్పు ముందు వేయకండి. ఉప్పు నీరు లాగుతుంది, ముక్క ఉడికి జిగురు పడుతుంది. చివర్లో స్టవ్ మీద మూకుడులో పోపు పెట్టి, వెల్లుల్లి కారం, ఉప్పు వేసి రెండు నిమిషాలు తిప్పితే సరి. పోపు మాత్రం ఈ డబ్బాలో కుదరదు. ఆవాలు చిటపటలాడవు, కరివేపాకు ఫ్యాను గాలికి లేచి పై రాడ్డుకు అంటుకుని మాడుతుంది. అప్పడాలూ అంతే. రెండువైపులా నూనె రాసి 350 డిగ్రీల్లో పెడితే ఒకటి రెండు నిమిషాల్లో పొంగుతాయి కానీ, పైన ఒక జాలీ బరువుగా పెట్టకపోతే ఎగిరి రాడ్డుకు తగులుతాయి. ఎండిన అప్పడం, ఎర్రగా కాలిన రాడ్డు కలిస్తే మంటే.

చామదుంపలకు ముందు ఉడకబెట్టడం తప్పదు. ఒలిచి, చక్రాలుగా కోసి, పౌనుకు రెండు టేబుల్‌స్పూన్ల బియ్యప్పిండి, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నూనె పట్టించి, 400 డిగ్రీల్లో 20 నిమిషాలు, మధ్యలో తిప్పుతూ. పెరుగులో నానిన కోడి కాళ్ళకు లోతుగా గాట్లు పెట్టి 400 డిగ్రీల్లో 25 నిమిషాలకు అటూఇటూ. గడియారాన్ని నమ్మకుండా ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చి 165 డిగ్రీలు చూపిస్తే తీయండి. కింద పళ్ళెంలో కొవ్వు కారి పొగ లేస్తుంది, పైన స్మోక్ అలారం మోగుతుంది. కింది పళ్ళెంలో రెండు మూడు చెంచాల నీళ్ళు పోస్తే పొగ రాదు. అట్టడుగున పొడి రాలే ట్రే మీద ఫాయిల్ పరవకండి, కింది రాడ్ల వేడి తిరగబడి యంత్రం చెడిపోతుంది.

బజ్జీలు, పునుగులు, గారెలు చేద్దామనుకుంటే ఆ ఆశ మానుకోండి. నూనెలో పడ్డ పిండి చుట్టూ ఒక్కసారిగా వేడి తగిలి క్షణంలో గట్టిపడుతుంది. గాలికి ఆ శక్తి లేదు. బజ్జీ పిండి గట్టిపడే లోపే జాలీ కన్నాల్లోంచి కారిపోతుంది. గారె పైన చెక్కలా ఎండి లోపల పచ్చిగా మిగులుతుంది. ఫ్రోజెన్ సమోసాలు బాగా వస్తాయి. వాటిలో చాలావరకు ఫ్యాక్టరీలో ఒకసారి నూనెలో మునిగి వచ్చినవి కావడమే కారణం.

ఇడ్లీ పిండి పులియబెట్టే ప్రూఫ్ బటన్ చూపించి ధర పెంచుతారు, మనవాళ్ళు అక్కడే పడతారు. డాలస్ సంగతి అటుంచి న్యూజెర్సీ చలిలో పిండి పొంగకపోవడం నిజంగానే పెద్ద తలనొప్పి. అయితే ఆ బటన్ కోసం డబ్బు పెట్టే ముందు రెండు సంగతులు చూడండి. అది 85, 90 డిగ్రీల వరకూ దిగుతుందా? కొన్ని 120 దగ్గరే ఆగుతాయి, ఆ వేడికి పిండి పులవదు, పాడవుతుంది. రెండోది గిన్నె ఎత్తు. పిండి పొంగడానికి చోటు ఉండేంత గిన్నె ఈ డబ్బాల్లో చాలావాటికి పట్టదు. ఇన్‌స్టంట్ పాట్ ఉంటే పెరుగు బటన్‌లో తక్కువ వేడి పెట్టి గాజు మూతతో రాత్రంతా వదిలేయండి. పెద్ద ఓవెన్లో లైటు వేసి ఉంచే పాత చిట్కా కూడా పనిచేస్తుంది. ఓవెన్లో ఎల్‌ఈడీ బల్బు ఉంటే మాత్రం పనిచేయదు, దానికి వేడి ఉండదు.

కరెంటు లైను సంగతి చాలామంది అడగను కూడా అడగరు. ఇక్కడ 120 వోల్టులు. 1,800 వాట్లంటే 15 ఆంపియర్లు, ఒక మామూలు లైను మోయగలిగినదంతా ఇదొక్కటే లాగేస్తుంది. అదే లైను మీద మైక్రోవేవో, ఎలక్ట్రిక్ కెటిలో వేస్తే బ్రేకర్ పడుతుంది. పాత బిల్డింగుల్లో ఫ్రిజ్ కూడా ఆ లైనులోనే ఉండొచ్చు. పొద్దున్న బ్రేకర్ పడిన సంగతి చూడకుండా ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి ఫ్రీజర్లో చికెన్ కరిగి నీళ్ళవుతుంది. కొనకముందే వంటింట్లో ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ కిందికి వస్తుందో ఒక్కొక్కటీ ఆపి చూసుకోండి. పడిన బ్రేకర్ను పూర్తిగా ఆఫ్ వైపు నెట్టి, తర్వాతే ఆన్ చేయాలి. నడిమధ్య ఉన్నదాన్ని నేరుగా పైకి నెడితే నిలబడదు. ఎక్స్‌టెన్షన్ వైరు, పవర్ స్ట్రిప్ అసలు వాడొద్దు, వైరు కాలుతుంది. భద్రతా పరీక్ష నెగ్గిందని చెప్పే యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర ఉందో లేదో చూడండి. 2023 ఫిబ్రవరిలో ఒక పెద్ద బ్రాండు లోపలి వైరు అతుకు వేడెక్కుతోందని 20 లక్షల దాకా ఎయిర్ ఫ్రైయర్లను వెనక్కి పిలిచింది. రీకాల్స్ జాబితా వినియోగదారుల భద్రతా కమిషన్ సైట్లో ఉంటుంది, మోడల్ నంబరు కొట్టి చూసుకోవచ్చు.

చోటు కూడా కొలవండి. ఇవి 18 నుంచి 20 అంగుళాల వెడల్పు ఉంటాయి. ఇక్కడి వంటగట్టు లోతు 25 అంగుళాలు. యంత్రం వెనకా పక్కలా నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఖాళీ వదలాలి, పై కబోర్డు అడుగుకు ఆవిరి కొట్టకుండా ముందుకు జరపాలి. అంతా పోను మీకు మిక్సీకీ కత్తిపీటకీ చోటు మిగిలిందా? మిగలకపోతే అది కబోర్డులోకి వెళ్తుంది. 30 పౌన్ల బరువున్న వస్తువును రోజూ ఎవరూ బయటికి తీయరు. ‘ఇన్ని క్వార్ట్‌లు’ అని రాసినదాన్ని పట్టించుకోకండి, అది లోపలి ఖాళీ కొలత. పళ్ళెం పొడవూ వెడల్పూ అడగండి. 12 అంగుళాల చదరపు పళ్ళెంలో ఒక వరసలో పౌను ముక్కలు పడతాయి. రెండు పళ్ళేలు పెట్టినా గాలి పైదానికే తగులుతుంది, కిందిది ఎండుతుంది కానీ కరకరలాడదు. సగంలో పైదీ కిందిదీ మార్చుకోవాలి.

ఇంట్లో ఒక్కరే ఉంటే 60, 80 డాలర్ల బుట్ట రకం చాలు, అయిదు క్వార్ట్‌లది. నలుగురు రూమ్మేట్లు ఉంటే, పిల్లలున్న ఇల్లయితే 200 డాలర్ల ప్రాంతంలో వచ్చే ఓవెన్ రకం బాగా అక్కరకొస్తుంది. 400 డాలర్ల వాటిలో వేడి సమంగా నిలుస్తుంది, తలుపు గట్టిగా ఉంటుంది. కానీ ఆ తేడా బేకింగ్‌లో తెలుస్తుంది, బెండకాయ వేపుడులో తెలియదు. మీలాంటి ఇద్దరికి, నెల పరీక్ష నెగ్గితే, ఇల్లు మారేవాళ్ళు పెట్టే మూవింగ్ సేల్‌లో పాతది 60, 70 డాలర్లకు దొరికితే చాలు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో లీజులు ముగిసే వేసవి నెలల్లో ఇవి వరసగా వస్తాయి.

పాతది కొనేటప్పుడు మొహమాటపడకండి. తలుపు తీసి, ఫోను లైటు వేసి, తల వంచి లోపలి పైకప్పు చూడండి. పసుపూ నూనే కలిసి కాలి, రాడ్ల చుట్టూ ముదురు గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంటే అది ఇక పోదు. అక్కడికి చెయ్యి పట్టదు, వేడెక్కినప్పుడల్లా పొగ వస్తుంది. ప్లగ్గు కాళ్ళు గోధుమరంగుకు తిరిగి ఉంటే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. వాళ్ళింట్లోనే 400 డిగ్రీల్లో పది నిమిషాలు ఖాళీగా నడిపించి వాసన చూడండి.

డబ్బు దగ్గర ఇంకో మాట. స్టోరు కార్డు తీసుకుంటే పన్నెండు నెలలు వడ్డీ లేదంటారు. అందులో చాలావరకు డిఫర్డ్ ఇంటరెస్ట్. గడువులోపు చివరి డాలరు వరకూ కట్టకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ, 30 శాతం దగ్గర, ఒకేసారి మీద పడుతుంది. మీకు క్రెడిట్ హిస్టరీ ఇంకా మొలకెత్తే దశలోనే ఉంది, ఒక వంటింటి డబ్బా కోసం దాన్ని ముట్టుకోకండి. మూడేళ్ళ ఎక్స్‌టెండెడ్ వారంటీ వద్దని చెప్పేయండి. ఇండియాకు పట్టుకెళ్ళొచ్చులే అన్న ఆలోచనా వద్దు. 230 వోల్టులకు ఇది మొదటి నిమిషంలోనే కాలిపోతుంది, 1,800 వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ కొనేకంటే అక్కడే కొత్తది కొనుక్కోవచ్చు.

కొత్తదే కొంటే అట్టపెట్టె పారేయకుండా రిటర్న్ గడువు అయ్యేవరకూ ఉంచండి. మొదటి వారంలోనే పళ్ళెం నిండా బ్రెడ్డు ముక్కలు పరిచి, తిప్పకుండా టోస్ట్ చేయండి. ఏ మూల మాడిందో, ఏ మూల తెల్లగా మిగిలిందో అందులో కనిపిస్తుంది. పది డాలర్ల లోపు దొరికే ఓవెన్ థర్మామీటర్ మధ్యలో పెట్టి 350కి సెట్ చేసి, ఇరవై నిమిషాలు ఆగి చూడండి. పాతిక డిగ్రీల తేడా ఉంటే సర్దుకుపోవచ్చు. యాభై ఉంటే, సగం రొట్టె మాడి సగం పచ్చిగా ఉంటే, ఆ శనివారమే రసీదుతో సహా తిరిగిచ్చేయండి. ఇక్కడ వస్తువు తిరిగివ్వడానికి సిగ్గుపడనక్కర్లేదు.