జిహాద్‌ను ‘పవిత్ర యుద్ధం’ అనవచ్చా?

సందేహం: వార్తల్లో జిహాద్‌ను ‘పవిత్ర యుద్ధం’ అంటున్నారు. మన ‘ధర్మయుద్ధం’ సరిపోదా? ‘ఒక ముజాహిదీన్ మృతి’ అని రాయవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ‘పవిత్ర యుద్ధం’ ఇంగ్లీషు వార్తల మీదుగా దిగిన మాట. ఖురాన్‌లో ఆ పదబంధం లేదు. జిహాద్‌కు మూలమైన జ–హ–ద ధాతువుకు శక్తికొద్దీ పాటుపడటమని అర్థం. ఉర్దూలో ‘జిద్దొజెహద్’ అంటారే, అందులోని జెహద్ ఇదే. జీతాల కోసం చేసే పోరాటానికైనా, చదువు కోసం పడే తిప్పలకైనా ఆ మాట వాడతారు. (మనవైపు ‘జిద్దుకు పోయిండు’ అంటారు గాని, ఆ జిద్దు దీనికి చుట్టం కాదు. అరబ్బీలో దాని మొదటి అక్షరమే వేరు.)

ఆయుధం పట్టి పోరాడటాన్ని ఖితాల్ అంటారు. మీతో పోరాడేవారితో పోరాడండి, హద్దు మీరకండి అనే ఖురాన్ 2:190లో ఉన్నది ఈ ఖితాల్ ధాతువే. అయితే ఇస్లామీ ధర్మశాస్త్ర గ్రంథాల్లో ‘జిహాద్’ అధ్యాయం నిండా ఉండేవి యుద్ధ నియమాలే. కనుక జిహాద్ అంటే ఆత్మశోధన మాత్రమే అనడమూ పొరపాటే.

నియమాల వరకు చూస్తే ‘ధర్మయుద్ధం’ దగ్గరి మాటే. మొదటి ఖలీఫా అబూబక్ర్ సిరియా వెళ్లే సేనకు 10 కట్టడులు చెప్పాడు: స్త్రీలను, పిల్లలను, ముసలివారిని చంపొద్దు, కాయలు కాసే చెట్లు నరకొద్దు, తిండికి తప్ప గొర్రెను, ఒంటెను కోయొద్దు... అందులో ఒకచోట తేనెటీగలను తగలబెట్టొద్దని ఒక పాఠం, ఖర్జూర చెట్లనని మరో పాఠం. తేనెటీగలనే నహ్ల్, ఖర్జూర చెట్లనే నఖ్ల్‌లకు అరబ్బీ రాతలో తేడా ఒక్క చుక్కే మరి!

చిక్కు మరోచోట ఉంది. ‘ధర్మయుద్ధం’ అనగానే ఆ పక్షాన న్యాయముందని మనమే తీర్పు చెప్పినట్టవుతుంది. ‘జిహాద్ అని వారు చెప్పుకుంటున్న దాడి’ అని రాయండి.

ఇలాంటి వార్తల్లో వాడే ‘తిరుగుబాటుదారు’ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఇస్లామీ ధర్మశాస్త్రంలో, తన వాదనకు ఏదో ఒక ధర్మాధారం చూపుతూ, బలగంతో పాలకుడిపై లేచినవాడు బాగీ. అలాంటివారు పారిపోతే తరమకూడదనీ, గాయపడితే చంపకూడదనీ నాలుగో ఖలీఫా అలీ నడవడిని చూపి చాలామంది పండితులు చెప్పారు. దారికాచి జనం మీద పడేవాడు ముహారిబ్. వాడికి ఆ వెసులుబాటు లేదు, ఖురాన్ 5:33 చెప్పే శిక్షలే. నేటి ముఠాల్లో ఎవరు ఏ కోవకు వస్తారన్నదే తగాదా. 2014లో 120 మందికి పైగా పండితులు ఇస్లామిక్ స్టేట్ నాయకుడికి బహిరంగ లేఖ రాస్తూ, దూతను చంపరాదన్న పాత నియమాన్ని విలేకరులకూ సహాయ కార్యకర్తలకూ వర్తింపజేశారు.

ఇక ముజాహిదీన్ (జిహాద్ చేసేవారు) బహువచనం. ఒక్కడైతే ముజాహిద్. మన ‘ఆసామి’ కూడా అరబ్బీలో బహువచనమే, ‘పేర్లు’ అని అర్థం. అది తెలుగులో ఏనాడో ఏకవచనంగా స్థిరపడింది. ముజాహిదీన్ ఇంకా అలా స్థిరపడలేదు కాబట్టి ‘ఒక ముజాహిద్ మృతి’ అనే రాయాలి.