ఐడర్ బాతుల గూళ్ల దగ్గర ఎలా మసలుకోవాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ వేసవిలో ఐస్‌లాండ్ తీరాన ఐడర్ అనే సముద్రపు బాతుల గూళ్ల దగ్గర పనిచేయబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించానమ్మా. అక్కడ ఎలా మసలుకోవాలని అడిగావు కనుక, ఇన్నేళ్లలో నాకు తెలిసివచ్చింది రాస్తున్నాను. గుడ్ల మీద కూర్చున్న పెట్ట ఉపవాసంలో ఉంటుందన్న మాట ముందుగా మనసులో పెట్టుకో. మనం దాన్ని అనవసరంగా లేపిన ప్రతిసారీ కరిగేది దాని ఒంట్లోని కొవ్వే.

సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి, దాదాపు 25 రోజులు పొదుగుతుంది. మగ బాతు పొదగడంలో పాలుపంచుకోదు. త్వరలోనే సముద్రం మీదికి వెళ్లిపోతుంది. పెట్ట మాత్రం ఇంచుమించు ఏమీ తినకుండా, ఎప్పుడైనా నీళ్లు తాగడానికి లేచినా గుడ్లను నూగుతో, అంటే తన మెత్తటి సన్న ఈకలతో, కప్పి వెళ్లి, కొద్దిసేపట్లోనే తిరిగి వస్తుంది. పిల్లలు బయటికి వచ్చేనాటికి దాని బరువులో సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. ఈ ఉపవాసానికి కావలసిన బలమంతా అది వసంతంలోనే కూడబెట్టుకోవాలి. అందుకే అప్పుడు సముద్రపు అడుగుకు మునిగి, ఆల్చిప్పలను చిప్పలతో సహా మింగి, కందనకాయలోనే నలగ్గొట్టుకుంటుంది. నువ్వు ముందుగా చేరుకుంటే, అవి మేసే తీరానికి పడవతో వెళ్లకు.

గూళ్ల మధ్య నడవడం నిదానంగా నేర్చుకోవలసిన పని. పెట్ట ఒంటి మీది గోధుమరంగు చారలు ఎండుగడ్డిలో ఎంతగా కలిసిపోతాయంటే, ముక్కు కిందికి దించి నేలకు కరుచుకుని కూర్చున్నప్పుడు నల్లటి కన్ను ఒక్కటే నీకు కనిపించవచ్చు. కాబట్టి అడుగు వేసే చోటును చూసుకుంటూ, గూటి వైపు సూటిగా కాక పక్కగా నడువు. పెట్ట మెడ నిక్కించిందంటే అక్కడే ఆగి, కాసేపు వంగి కూర్చో. హఠాత్తుగా బెదిరితే అది గుడ్ల మీద భరించలేని దుర్వాసన గల రెట్ట వేసి ఎగిరిపోతుంది, కప్పు లేని గుడ్లను, వాటిని తినే గల్ అనే సముద్రపు పక్షులు క్షణాల్లో పసిగడతాయి. అలా జరిగితే గూటిలోని నూగునే గుడ్ల మీదికి లాగి కప్పి, వెంటనే దూరంగా వెళ్లిపో. ఫోటో కోసం ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

దుప్పట్లలో నింపడానికి చేసే నూగు సేకరణ గురించి అక్కడి రైతులు చెప్పినట్టే చెయ్యి. అది పెట్ట తన రొమ్ము నుంచే పీకి గూటిలో పరిచినది. దాని పోగులు ఒకదానికొకటి చిక్కుకుని ఉండడం వల్ల గుప్పిట తెరిచినా చెదరకుండా ముద్దగా నిలుస్తుంది, చేతికి వెంటనే వెచ్చదనం తెలుస్తుంది. శుభ్రం చేసిన నూగు ఒక కిలో కావాలంటే దాదాపు 60 గూళ్లు కావాలి కనుక, మరికాస్త తీద్దామన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. పొదిగే రోజుల్లో కొంత తీసి, దాని బదులు ఎండుగడ్డి పెట్టే పద్ధతి ఉంది. నా మట్టుకు నేను పిల్లలు గూడు వదిలాక తీయడమే మేలంటాను. వాన పడుతున్నప్పుడు మాత్రం గూళ్ల జోలికే వెళ్లకూడదు. గుడ్లూ నూగూ తడిస్తే వాటిని మళ్లీ వెచ్చబరచడం తల్లికి చాలా కష్టం.

పిల్లలు ఒళ్లు ఆరగానే, తరచుగా ఒక రోజులోపే, తల్లి వెంట నీటికి బయలుదేరతాయి. ఆ దారికి అడ్డంగా నిలబడవద్దు. నీటిలో అనేక తల్లుల పిల్లలు ఒకే గుంపుగా చేరతాయి, పిల్లలు లేని పెట్టలు కూడా కాపలాకు వస్తాయి. ఒక పెట్ట దగ్గర లెక్కకు మించిన పిల్లలు కనిపిస్తే కంగారుపడి విడదీయబోకు. ఆ గుంపు మధ్య నుంచి పడవ పోనిస్తే పిల్లలు చెల్లాచెదురై గల్ పక్షుల పాలవుతాయి కనుక, కాస్త ఆలస్యమైనా గుంపు దాటిపోయేదాకా ఇంజను ఆపి ఉంచమని పడవ నడిపేవారిని అడుగు.

నీ పెద్దమ్మ