చిన్చిల్లా చేతికి రావట్లేదా?

ప్రశ్న: చిన్చిల్లాను (ఒత్తైన బొచ్చుండే, ఎలుక జాతి పెంపుడు జంతువు) తెచ్చి పది రోజులైంది. పట్టుకోబోతే బొచ్చు కుచ్చులా ఊడి చేతిలోకొచ్చింది. ఏమన్నా జబ్బా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: జబ్బు కాదు, భయం. దొరికిపోతే బొచ్చు వదిలేసి తప్పించుకోవడం దాని నైజం. కొన్నాళ్లు పట్టుకోవడం మానండి. పొద్దుగూకాక హుషారుగా ఉంటుంది. అప్పుడు పావుగంట పంజరం పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. అరచేయి కింద పరిచి, రెండు ఓట్స్ పలుకులు పెట్టి కదలకుండా ఉంచండి. మీసాలు తగిలించి, ముందుపళ్లతో గోరును కొరికి చూస్తుంది. ఉలిక్కిపడి చేయి లాగారో, కథ మళ్లీ మొదటికే! పైనుంచి చేయి దించొద్దు, గద్దనుకుంటుంది. కిస్‌మిస్ ఆశ పెట్టొద్దు. చక్కెర దాని కడుపుకు పడదు.

అన్నట్టు, గదిలో ఏసీ ఉందా? ఇది దక్షిణ అమెరికాలోని చల్లటి ఆండీస్ కొండల జీవి. 25 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం. మన నల్లగొండ ఎండలకు కూలర్ పనికిరాదు, తేమ పెంచుతుంది. చెవులు ఎర్రబడి చతికిలబడితే వెంటనే పశువైద్యుడికి చూపించండి.