చెక్‌లు, స్లోవీన్ల మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. సోషియాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో స్థిరపడిన చెక్, స్లోవాక్ వలసదారుల వారసుల సామాజిక, ఆర్థిక పరిస్థితులను పోల్చుతూ పీహెచ్‌డీ చేస్తానని పట్టుబడుతోంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంది కనుక అప్పు చేసైనా ఎం.ఎస్. డేటా సైన్స్‌కు పంపిస్తానంటే వినడం లేదు. ‘చెక్కుల మీద చదువేమిటి, బ్యాంకులో ఉద్యోగమిస్తారా’ అని బంధువులు నవ్వుతున్నారు. రెండు దారులనూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. మనవాళ్ల మీద చదవకుండా ఎవరో తెల్లవాళ్ల మీద ఎందుకు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందుగా ఒక చిన్న సవరణ. మీరు స్లోవాక్ అని రాశారు. మీ ఉత్తరానికి జతచేసిన అమ్మాయి పరిశోధన ప్రతిపాదనలో ఉన్నది స్లోవీన్ అని. స్లోవాక్‌లు చెక్‌ల ఇరుగువారు, 1992 చివరి వరకు ఇద్దరిదీ ఒకే దేశం. స్లోవీన్లు ఆల్ప్స్ పర్వతాలకూ ఏడ్రియాటిక్ సముద్రానికీ మధ్యనున్న స్లోవేనియా వారు, 1991 వరకు యుగోస్లావియాలో భాగంగా ఉన్నవారు. తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అమెరికా అధికారులు కూడా దశాబ్దాల పాటు ఇలాంటి పొరపాట్లే చేశారు, మీ అమ్మాయి పరిశోధన మొదలయ్యేది అక్కడి నుంచే. అయితే నాలుగు పేజీల ప్రతిపాదనను మీరు ఒక్కసారైనా చదవకుండా నాకు పంపారని మాత్రం దీనివల్ల నాకు అర్థమైంది.

ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. ఒకసారి పురావస్తు శాస్త్రం, ఒకసారి భాషాశాస్త్రం, ఒకసారి తత్త్వశాస్త్రం అని సబ్జెక్టు మారుతుందే తప్ప లోపలి భయం మారదు. ముప్పై ఏళ్లు వచ్చినా పిల్ల సంపాదన లేకుండా ఉండిపోతుందేమో, పెళ్లి మాటలు వచ్చినప్పుడు ఏం చదువుతోందని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేమేమో అన్నదే ఆ భయం. అందులో మొదటి సగం న్యాయమైనది, దానికి జవాబు చెబుతాను. రెండో సగం మీ బంధువులది, వారి తరఫున మీరు భయపడనక్కర్లేదు.

అమ్మాయి చదవబోతున్నదేమిటో మీకు తెలియాలి కాబట్టి ముందు అది చెబుతాను. చెక్‌లు, స్లోవీన్లు ఇద్దరూ ఒకే ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యపు ప్రజలు, ఇద్దరూ స్లావ్ భాషలు మాట్లాడేవారు, ఇద్దరూ క్లీవ్‌లాండ్ చేరుకున్నవారు. చెక్‌లు 1850ల నుంచే కుటుంబాలతో సహా రావడం మొదలుపెట్టారు. పీపాలు చేసేవారు, దర్జీలు, వడ్రంగులు, చుట్టలు చుట్టేవారు వంటి చేతిపని తెలిసినవారు వారిలో చాలామంది ఉండేవారు. భూమి చవకగా దొరుకుతున్న ఆ రోజుల్లో కొందరు నెబ్రాస్కా, అయోవా, టెక్సస్‌లలో రైతులుగా స్థిరపడగా, నగరాల్లో ఉండిపోయినవారు క్లీవ్‌లాండ్ బ్రాడ్‌వే వీధి చుట్టూ, షికాగో పిల్సెన్ పేటలో ఇళ్లు కట్టుకున్నారు. స్లోవీన్లు పెద్దఎత్తున వచ్చింది 1880ల తర్వాత. అప్పటికి మంచి భూములు చాలావరకు అయిపోయాయి. వచ్చినవారిలో ఎక్కువమంది ఒంటరి మగవారు, కొంత కూడబెట్టి ఊరికి తిరిగి వెళ్లిపోదామనుకున్నవారు. వారికి దొరికింది క్లీవ్‌లాండ్ తీగల మిల్లుల్లో, పోత కార్ఖానాల్లో కూలి పని, మినెసోటాలో ఇనుప గని పని. రెండు జాతుల ఆర్థిక స్థితిలో తొలి తరాల్లో కనిపించిన తేడాలో పెద్ద భాగం స్వభావం నుంచి కాక, ఓడ ఎక్కిన సంవత్సరం నుంచీ, వెంట తెచ్చుకున్న మనుషుల నుంచీ వచ్చిందని నా అభిప్రాయం.

ఇక అధికారుల పొరపాటు సంగతి. 1899 నుంచి అమెరికా వలస శాఖ వచ్చినవారిని జాతుల వారీగా లెక్కించేటప్పుడు బొహీమియా, మొరావియా వారిని, అంటే చెక్‌లను, ఒక గడిలోనూ, క్రొయేషియన్లనూ స్లోవీన్లనూ కలిపి ఇంకొక గడిలోనూ వేసింది. ఆ లెక్కల ప్రకారం చెక్‌లలో చదువురానివారు నూటికి ఇద్దరి కంటే తక్కువ, రెండో గడిలో మూడో వంతుకు పైగా. ఈ రెండు అంకెలు చూసి, చెక్‌లు చదువుకున్నవారు, స్లోవీన్లు వెనుకబడినవారు అని తేల్చినవారు ఎందరో. కానీ నిర్బంధ ప్రాథమిక విద్యను తెచ్చిన 1869 నాటి ఆస్ట్రియా పాఠశాల చట్టం చెక్‌ల ప్రాంతాలకూ, స్లోవీన్లలో అత్యధికులు నివసించిన క్రైనా వంటి ప్రాంతాలకూ ఒకేలా వర్తించింది. క్రొయేషియన్లలో చాలామంది హంగరీ పాలనలోనో, బడులు తక్కువగా ఉన్న డాల్మేషియా తీరంలోనో ఉండేవారు. అంటే ఆ మూడో వంతు అంకె రెండు జాతులను కలిపి తీసిన సగటు మాత్రమే, దాన్ని స్లోవీన్ల మీద మోపడం అన్యాయం. మీ అమ్మాయి ప్రతిపాదనలో రెండో పేజీ అంతా ఈ ఒక్క గడి గురించే ఉంది, అది చదివాకే ఈ పిల్లకు అంకె మీద అనుమానం ఎలా పడాలో తెలుసని నాకు అనిపించింది.

ఇంకొకటి చూడండి. 1910 జనగణన పత్రాల్లో క్లీవ్‌లాండ్‌లో స్లోవీన్లు ఉండే సెయింట్ క్లెయిర్ వీధి చుట్టుపక్కల ఇళ్ల వరసలు తిరగేస్తే ఒక ఇంట్లో భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, వారి కింద వరసగా ఆరుగురు ఎనిమిదిమంది మగవారి పేర్లు, ప్రతి పేరు పక్కన బోర్డరు, అంటే డబ్బు కట్టి ఆ ఇంట్లోనే ఉండి తినేవాడు, అని కనిపిస్తుంది. భర్త వృత్తి గడిలో తీగల మిల్లు కూలీ అని ఉంటుంది. తెల్లవారకముందే లేచి అంతమందికి వండి, క్యారేజీలు కట్టి, మిల్లు మసి పట్టిన బట్టలు ఉతికిన భార్య పేరు పక్కన చాలాసార్లు ‘ఏమీ లేదు’ అని రాసి ఉంటుంది. మన పూటకూళ్ల ఇంటి లాంటిదే అది, ఇల్లు కొనడానికి మొదటి విడత సొమ్ము ఆమె చేతి నుంచే వచ్చిన కుటుంబాలు ఎన్నో. అయినా ఆర్థిక గణాంకాల్లో ఆమె లేదు. కుటుంబాలుగా వచ్చి వేరు కాపురాలు పెట్టుకున్న చెక్‌లలో ఇది ఇంతగా కనిపించదు. కనుక ఇంటి ఆదాయాలను పోల్చేవారు ముందు ఈ ‘ఏమీ లేదు’ను ఏం చేయాలో తేల్చుకోవాలి.

ఇద్దరికీ ఉమ్మడిగా కనిపించేవి పరస్పర సహాయ సంఘాలు. నెలనెలా చందా కడితే, మిల్లులో చెయ్యి పోయినా ప్రాణం పోయినా కుటుంబానికి డబ్బు ఇచ్చేవి. చెక్‌లు 1854లోనే సెయింట్ లూయిస్‌లో ఒకటి పెట్టుకున్నారు. స్లోవీన్లకు 1894లో జోలియెట్‌లో కాథలిక్ సంఘం, 1904లో షికాగోలో మతంతో సంబంధం లేని జాతీయ సహాయ సంఘం ఏర్పడ్డాయి. చెక్‌లలో చర్చిని కాదన్న స్వేచ్ఛాలోచనాపరులు బలమైన వర్గం, స్లోవీన్లలో చర్చి చుట్టూ ఒక లోకం, కార్మికోద్యమం చుట్టూ ఇంకొక లోకం. బ్రాడ్‌వేలో 1897లో పూర్తయిన బొహీమియన్ నేషనల్ హాలూ, సెయింట్ క్లెయిర్ వీధిలో 1924లో తెరిచిన స్లోవీనియన్ నేషనల్ హోమూ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ 1924లోనే అమెరికా వలస చట్టం చెకొస్లొవేకియాకు ఏడాదికి సుమారు 3 వేల మందినీ, యుగోస్లావియా మొత్తానికి కలిపి 671 మందినీ మాత్రమే అనుమతిస్తూ తలుపు దాదాపుగా మూసేసింది.

తర్వాత ఏమైందన్నదే ఆసక్తికరం. షికాగో మేయరు ఆంటన్ చెర్మాక్ చెక్, ఒహాయో గవర్నరుగా, సెనేటరుగా పనిచేసిన ఫ్రాంక్ లౌషే స్లోవీన్ వలసదారుల కొడుకు. అయితే ఇద్దరు నాయకులను చూసి జాతి ఎదుగుదల చెప్పలేం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూనియన్ వేతనాలు, 1944 చట్టం కింద సైనికులకు దక్కిన చదువు, గృహరుణాలు కలిసి మనుమల తరానికి వచ్చేసరికి తూర్పు యూరప్ జాతుల మధ్య తేడాలను చాలావరకు చెరిపేశాయి. అదే నగరంలో నల్లజాతి కుటుంబాలకు ఆ గృహరుణాలు చాలావరకు అందలేదన్నది కూడా ఈ కథలో భాగమే. చెక్‌ల వారసులు, స్లోవీన్ల వారసులు శివారు పట్టణాలకు తరలిపోగా, పాత బ్రాడ్‌వే పేట, ఇప్పుడు స్లావిక్ విలేజ్ అని పిలిచేది, 2007 ప్రాంతంలో ఇళ్ల జప్తులకు దేశమంతటా పేరుపడింది. అక్కడి 44105 అనే పిన్‌కోడు అప్పట్లో పత్రికలెక్కింది.

వారసులను లెక్కపెట్టడమూ సులువు కాదు. 2000 జనగణనలో తమది చెక్ మూలమన్నవారు సుమారు 12.6 లక్షలు, స్లోవీన్ మూలమన్నవారు సుమారు 1.76 లక్షలు, ఊరికే చెకొస్లొవాక్ అన్నవారు 4.4 లక్షలు. 1990లో స్లోవీన్లు 1.24 లక్షలే. పదేళ్లలో యాభై వేలమంది పుట్టుకొచ్చారని కాదు. నడుమ 1991లో స్లోవేనియా స్వతంత్రమై, తాత ఆస్ట్రియన్ అనో యుగోస్లావ్ అనో చెప్పుకున్న ఇళ్లలో కొన్నింటికి అసలు పేరు గుర్తొచ్చిందని అనుకోవడం సమంజసం. అలా కొత్తగా చేరినవారి ఆదాయం, చదువు పాతవారి కంటే భిన్నంగా ఉంటే, జాతి ‘ఎదిగింది’ అనే మాటకు అర్థమే మారిపోతుంది.

ఇప్పుడు మీ డేటా సైన్స్. ఈ కోర్సు మీద నాకున్న సందేహాలను దాచుకోను. పైన చెప్పిన రెండు శాతం, మూడో వంతు అంకెలను ఇస్తే, సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాడు పది నిమిషాల్లో అందమైన బొమ్మ గీసి ఇస్తాడు, గడిలో ఎవరిని ఎవరితో కలిపారో అడగడు. బొమ్మ గీసే పని ఇప్పుడు యంత్రమే చేస్తోంది. గడిని అనుమానించే పని నేర్పే కోర్సులు తక్కువ. అమెరికాలో ఎం.ఎస్. చేసినవారికి చదువు తర్వాత 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) పట్టా కనుక మరో 24 నెలలు పనిచేసే వీలుంటుందన్న ధైర్యంతోనే మన జిల్లాల్లో ఇళ్లు తాకట్టు పెడుతున్నారు. ఆ తర్వాత ఏటా 85 వేల హెచ్–1బీ వీసాలకు లాటరీ. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు మూడుసార్లు లాటరీ తప్పి తిరిగొచ్చాడు. అతని తండ్రి నా ముందు కూర్చుని వడ్డీ లెక్క చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ కుర్రాడికి ఈ చదువు ఇష్టమే, అయినా అలా జరిగింది. మీ అమ్మాయికి ఇష్టం కూడా లేదు. ఇష్టం లేని చదువుకు అప్పు చేయడాన్ని మీరు జాగ్రత్త అనుకుంటున్నారు, నేను ఆ మాట వాడను.

అలాగని అమ్మాయి దారి పూలబాట అనడం లేదు. ఆమె ప్రతిపాదనలో నాకు కనిపించిన పెద్ద లోపం భాషలు. సంఘాల మినిట్సు పుస్తకాలు, పత్రికలు చెక్‌లోనూ స్లోవీన్‌లోనూ ఉంటాయి. స్లోవీన్‌లో మన సంస్కృతంలో లాగానే ద్వివచనం ఉంది కాబట్టి, మీ అమ్మాయి శబ్దమంజరి వల్లె వేసి ఉంటే ఆ ఒక్కచోట నవ్వుకుంటుంది, మిగతాచోట్ల చెమటోడ్చాలి. రెండు భాషలూ చేతగాకపోతే ఒక జాతినే లోతుగా తీసుకుని, రెండోదాన్ని గణాంకాల వరకే పోల్చమని నా సలహా. అమెరికాలో సోషియాలజీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ పట్టాకు సాధారణంగా స్టెమ్ పొడిగింపు ఉండదు. ఇక్కడ అధ్యాపక నియామకాలు ఏళ్ల తరబడి ఆగడం మీకు తెలిసిందే. సర్వేల రూపకల్పన, గృహనిర్మాణ విధానం, వలస విధానం, వినియోగదారుల పరిశోధన వంటి చోట్ల ఈ చదువుకు పని ఉంది, కానీ ఆ పని వెతుక్కోవాలి, క్యాంపస్‌కు నడిచిరాదు.

అందుకే డబ్బు విషయంలో ఒక్క షరతు పెట్టండి. ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ రెండూ ఉంటేనే అమెరికా పీహెచ్‌డీ, లేదంటే వద్దు. పీహెచ్‌డీకి ఒక్క రూపాయి అప్పు చేయకూడదు. ప్రవేశ పరీక్షల సంగతి అమ్మాయికి నాకంటే బాగా తెలుసు, అది వదిలేస్తున్నాను. మినెసోటా విశ్వవిద్యాలయంలోని వలస చరిత్ర భాండాగారం, అయోవాలో సీడర్ రాపిడ్స్‌లోని చెక్, స్లోవాక్ మ్యూజియం ఆమెకు అవసరమైన చోట్లు కనుక, వాటికి దగ్గర్లోని విశ్వవిద్యాలయాలనూ చూడమనండి. నిధులు దొరకకపోతే దారి మూసుకుపోదు. జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల రూపాయలతో ఇక్కడే పీహెచ్‌డీకి చేరి, ఫుల్‌బ్రైట్–నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద కొన్ని నెలలు క్లీవ్‌లాండ్ వెళ్లి పత్రాలు చూసి రావచ్చు. నిజం చెప్పాలంటే నాకు ఈ రెండో దారే ఎక్కువ నచ్చింది, తిరిగి రావడానికి ఆమెకొక చోటు ఉంటుంది కాబట్టి.

మనవాళ్ల మీద చదవకుండా ఎవరో తెల్లవాళ్ల మీద ఎందుకని మీరు ఉత్తరం చివర అడిగారు. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాలకు కూలీలుగా వెళ్లిన తెలుగువారి వారసులున్నారు. ఓడ కాగితాల్లో వారిలో చాలామంది మద్రాసీలుగానే నమోదయ్యారు. క్రొయేషియన్లతో కలిపేసిన స్లోవీన్లను విడదీయడం నేర్చినవారికి, ఆ మద్రాసీల్లోంచి మనవారిని విడదీయడం రేపు చేతనవుతుంది.

ఈ ఆదివారం అమ్మాయిని ఆ ప్రతిపాదనలోని రెండో పేజీ తెలుగులో మీకు చెప్పమనండి. ఆమె తల్లిని కూడా కూర్చోబెట్టండి. మీకు అర్థంకాని చోట ఆపి అడగండి. ఆ తర్వాత జె.ఆర్.ఎఫ్. ఫలితం వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఏ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయాలో అప్పుడు చూద్దాం.