బౌల్డరింగ్ జిమ్‌కి వెళ్తున్న మా అమ్మడికి

అమ్మడూ,

ఈ ఆదివారం సాయంత్రం బెంగళూరులో బౌల్డరింగ్ జిమ్‌కి, అదే తాడు లేకుండా గోడ ఎక్కే చోటికి, వెళ్తున్నానని మెసేజ్ పెట్టావు. చాలా సంతోషం వేసింది. ఇన్ని సంగతులు ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ ఆదివారం సాయంత్రం మానుకో. సెలవురోజున ఎక్కేవాళ్ల కంటే వంతు కోసం చూసేవాళ్లే ఎక్కువ. వారం మధ్యలో ఆఫీసుకు ముందు, పొద్దున్నే వెళ్లు. రద్దీ లేకపోతే అక్కడివాళ్లు పక్కనే ఉండి తీరిగ్గా చూపిస్తారు.

ఇంట్లోనే గోళ్లు తీసుకుని, ఉంగరాలు, గాజులు, గొలుసు తీసిపెట్టి వెళ్లు. ఉంగరం విషయంలో మాత్రం నా మాట విను. అది హోల్డ్‌కి, అంటే గోడకి బిగించిన పట్టుకి, తగులుకుని ఒంటి బరువంతా కిందికి లాగిందంటే వేలి చర్మం ఊడి వచ్చేస్తుంది. మీ వదిన కూడా వస్తానంటే మెట్టెలు తీయమను, ఆ బిగుతు షూలో వేలు నలిగిపోతుంది. జేబులో ఫోన్, తాళాలు వద్దు. జడ ముడేసుకో.

షూ అక్కడే అద్దెకిస్తారు. కాలివేళ్లు ముందు కొసకి ఆనాలి, నొప్పి పుట్టకూడదు. సన్నటి సాక్స్ పట్టుకెళ్లు. ఆ షూతో బాత్రూమ్‌కి వెళ్లకు. నువ్వు అడుగేసిన హోల్డ్‌నే తర్వాత ఇంకొకళ్లు చేత్తో పట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. గోడ 4, 4.5 మీటర్ల దాకా ఉంటుంది, తాడు ఉండదు, కింద మందపాటి మ్యాట్ పరిచి ఉంటుంది. మ్యాట్ ఉంది కదా అని ధీమాగా దూకేస్తారు, చీలమండలు, మోకాళ్లు దెబ్బతినేది అప్పుడే. అందుకే మొదటి అరగంట పడటం నేర్చుకోవడానికే పెట్టుకో. మీటరు ఎత్తు ఎక్కి వదిలెయ్. రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి, మోకాళ్లు మడవాలి, గడ్డం గుండెకి ఆనించి వీపు మీదకి దొర్లాలి. చేతులు గుండెల మీదే ఉంచుకో. వెనక్కి చాచి ఆపుకోబోతే మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. భయంలో చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది కాబట్టి, ఒంటికి అలవాటయ్యేదాకా చేస్తూనే ఉండు. పైకి చేరాక కూడా దూకకు. చేతికందిన పెద్ద హోల్డ్‌లు పట్టుకుని, అవి ఏ రంగువైనా సరే, సగం దాకా దిగి అప్పుడు వదులు. ఎవరైనా ఎక్కుతుంటే వాళ్ల కిందనుంచి నడవకు, మ్యాట్ మీద నీళ్ల సీసా పెట్టకు.

ఒకే రంగు హోల్డ్‌లన్నీ కలిపి ఒక ప్రాబ్లం. మొదలుపెట్టే హోల్డ్‌కి గుర్తు ఉంటుంది. అన్నిటికంటే పై హోల్డ్‌ని రెండు చేతులతో పట్టుకుని నిలదొక్కుకుంటే అయినట్టు. కొన్నిచోట్ల వీ0, వీ1 అని గ్రేడ్ రాస్తారు, కొన్నిచోట్ల రంగునిబట్టే గ్రేడ్. అడిగి తెలుసుకో, అన్నిటికంటే తేలికవాటితోనే మొదలుపెట్టు.

చేతుల్లో బలం లేదని భయపడుతున్నావు. నీ బరువు మోయాల్సినవి కాళ్లు. బొటనవేలి కొసతో హోల్డ్ మీద నిలబడితే మడమ అటూ ఇటూ తిప్పి నడుముని గోడకి దగ్గరగా తేగలవు. చేతులు చాచి వేలాడు. మోచేతులు మడిచి లాక్కుంటూ పోయేవాళ్లకి కాసేపట్లోనే ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు పట్టు వదిలేస్తాయి. పొట్టిదాన్నని కూడా అన్నావు. జపాన్ క్లైంబర్ ఐ మోరి ఎత్తు 154 సెంటీమీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్లైంబింగ్ ఫైనల్లో మొదటి బౌల్డర్ ప్రాబ్లంలో స్టార్ట్ హోల్డే అందక సున్నా వచ్చింది. ఆ ప్రాబ్లం పెట్టిన తీరు అన్యాయమని నాకు ఇప్పటికీ కోపమే. అయినా లీడ్‌లో, అంటే తాడు కట్టుకుని ఎత్తైన గోడ ఎక్కే పోటీలో, అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకుని మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచింది. నీకు చెయ్యి అందని చోట కాలు పైకి వేసి చూడు.

చాక్ అంటే మెగ్నీషియం కార్బనేట్ పొడి. చెమట ఆరేంత రాసుకుంటే చాలు. ఒక్కో ప్రయత్నం తర్వాత రెండు మూడు నిమిషాలు కూర్చో, షూ విప్పేసెయ్. గంటన్నరకి మించి ఉండొద్దు. ఇంకా ఒక్కసారి, ఒక్కసారి అనిపించినప్పుడే అరచేతి చర్మం చిరుగుతుంది. ఆ తర్వాత రెండు రోజులు ఆగి గాని మళ్లీ వెళ్లకు. కండలు వారాల్లో బలపడతాయి గానీ వేళ్లలో కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులకీ కీళ్లకీ నెలలు పడుతుంది. వేళ్లతో వేలాడే ఆ చెక్క బోర్డుల జోలికి మొదటి ఏడాది అసలు పోవద్దు, పక్కవాళ్లు ఎంత చెప్పినా సరే.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల మీద ఎక్కుదామన్నావు. తప్పకుండా వెళ్దాం. అక్కడ రంగులుండవు, ఎక్కడ పట్టుకోవాలో నువ్వే వెతుక్కోవాలి. కిందా రాళ్లే. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, గరుకుగా ఉండి చేతులు కోసుకుపోతాయి. అందుకని ఈలోపు జిమ్‌లో పడటం, దిగడం బాగా రానీ. కింద పరుచుకునే మందపాటి క్రాష్ ప్యాడ్‌లు నేను తెస్తాను. అద్దె షూలో నీకు సరిపోయిన కంపెనీ, సైజు రెండూ రాసి పెట్టుకుని నాకు పంపు, ఒక్కో కంపెనీ సైజు ఒక్కోలా ఉంటుంది.

మీ పిన్ని