చెరువు గట్టు మీద గదులు కడుతున్నావట

అల్లుడూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "వీడు హైదరాబాద్ ఉద్యోగం మానేశాడన్నయ్యా, కైకలూరు చెరువు గట్టున నాలుగు గదులు కట్టించాడట, గాలాలు వేసుకునేవాళ్ళు వచ్చి ఉంటారట, ఉగాదిలోపు తెరుస్తాడట" అని ఒక్క గుక్కలో చెప్పింది. నేను వెంటనే తిట్టాను, నిన్ను కాదు, ఆవిణ్ణి. మేనమామ పోలికలు వస్తే ఏడుస్తారా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి మంచినీళ్ళు తాగుతుంటే మీ అత్త కళ్ళు తెరవకుండానే "మీ మేనల్లుడి గురించేనా" అంది. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. పూర్తిగా చదువు.

ముందు భూమి సంగతి. చెరువు మనది, పట్టా ఉంది, అయిదో కాంటూరుకి బయటే ఉంది అని నువ్వన్నావట. అనడం వేరు, సర్వే మ్యాపు పరుచుకుని వేలు పెట్టి చూపించడం వేరు. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యంగా ప్రకటించినప్పుడు మనవాళ్ళలో సగంమంది ఆ గీత కాగితం మీదే ఉంటుందనుకున్నారు. 2006లో పొక్లెయిన్లు వచ్చి చెరువు గట్లు తెగ్గొడుతుంటే అప్పుడు తెలిసింది గీత ఎక్కడుందో. నీ గదుల్లో ఒక్క మెట్టు కూడా ఆ గీత దాటకూడదు. ఇంకోటి, వచ్చినవాళ్ళని కొల్లేట్లోకి తీసుకెళ్ళి గాలం వేయిస్తానని ఎవరికీ మాటివ్వకు. కొల్లేట్లో చేపలు పట్టుకునే హక్కు అక్కడి ఊళ్ళవాళ్ళది, అదీ వాళ్ళ పాత పద్ధతుల్లోనే. నీ అతిథులు నీ చెరువులో గాలం వేసుకుంటారు, ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి గూడకొంగల్ని, అదే పెలికాన్లని, చూసొస్తారు, అంతే.

గూడకొంగలంటే గుర్తొచ్చింది, అవి నీ చెరువుకీ వస్తాయి. వస్తే టపాకాయలు కాల్చకు, చెరువు పైన సన్నవల కట్టకు, రెక్కలు చిక్కుకుని చస్తాయి. ఆ నాలుగు చేపలూ వాటి వాటా అనుకో.

లైసెన్సులూ ట్యాక్సులూ నాకంటే నీకే బాగా తెలుసు. విదేశీయులెవరైనా దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాల ఫారం నింపి పంపాలి, అది మర్చిపోకు. తాగడానికి క్యాను నీళ్ళే పెట్టు. ఎండాకాలం, కొల్లేటి నుంచి సముద్రంలోకి పోయే ఉప్పుటేరు వెంట సముద్రపు నీళ్ళు వెనక్కి తంతాయి, చుట్టూ చెరువుల నీళ్ళు ఊరతాయి, ఆ బోరుని నమ్మకు. దోమతెరలు చిరిగినవి వద్దు.

చేపల విషయం. బొచ్చె, శీలావతి, మోసు కలిపి వేశావట, మంచిది. బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున బురదలో మేస్తుంది, కాబట్టి బెండు ఎంత లోతుకి కట్టాలో వచ్చినవాడికి నువ్వే చెప్పాలి. తవుడూ చెక్కా కలిపి ముద్ద చేసిన ఎరకి శీలావతి పడినట్టు ఆ ఖరీదైన ప్లాస్టిక్ ఎరలకి పడదు. కొర్రమీను కావాలన్నవాడికి చిన్న చేపో కప్పో గుచ్చి తూడు పక్కన వెయ్యమను. ఎవరో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వెయ్యమని చెప్పారట, "పెద్దదవుతుంది, ఫొటోకి బాగుంటుంది" అని. అది 2000 నుంచీ నిషేధం. వాళ్ళతో స్నేహం తగ్గించుకో. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, మేత వెయ్యకు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ చెయ్యి. అసలు అంతదాకా రాకుండా అర్ధరాత్రి దాటాకే ఆన్ చేసి పెట్టు. శనివారం గదులన్నీ నిండిన రోజు పొద్దున్నే చెరువు నిండా తెల్లగా పొట్టలు తేలితే ఆ వాసనకి మనుషులేకాదు, కాకులు కూడా ఉండవు.

నువ్వు తెప్పించిన గాలం కర్రలు కార్బన్‌వట. అల్లుడూ, కార్బన్‌కి కరెంటు పాకుతుంది. మన చెరువుల మీద కరెంటు వైర్లు ఎంత కిందకి వేలాడుతుంటాయో నీకు తెలుసు. కర్ర ఎత్తి విసిరేవాడు పైకి చూడడు. గట్టు మీద వైరు పోయే చోట ఎర్ర రంగు వేసి ఇక్కడ నిలబడి గాలం వెయ్యకూడదని రాయి. వీలైతే తెరిచే ముందే ఆ లైను మార్పించు, ఖర్చయినా సరే. గాలం ముల్లుకి ఉండే వెనక పన్ను ప్లయర్‌తో నొక్కి పెట్టు, చేప పోతే పోయింది, పిల్లల వేళ్ళల్లో దిగితే తేలిగ్గా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పడవ కొన్నావట. ఫొటో మీ అమ్మ పంపింది. నీలం రంగు, బాగుంది. అది చూసే నాకు నిద్ర పట్టనిది.

మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు. 1993, మాఘమాసం. అప్పటికి నేను చెరువు లీజుకి తీసుకుని రెండేళ్ళు, నెత్తిన అప్పు. అప్పిచ్చిన పెద్దమనిషి ఒక ఆదివారం భార్యనీ, బావమరిదినీ, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చాడు, కొల్లేరు చూపించమని. కోడిని కోశాం, కొర్రమీను పులుసు పెట్టాం, మీ అత్త పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే. సాయంత్రం ఎండ తగ్గాక ఆయన తాటిదోనె చూసి "ఒక్క రౌండు కొట్టిద్దాం" అన్నాడు. ఆ దోనె ముగ్గురికి. గడ వేసే మా ముసలాయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది, అర్థం కానట్టు నటించాను. వద్దండీ, ఇద్దరిద్దరు చొప్పున వెళ్దాం అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు రాలేదు. అప్పున్నవాడి నోటికి మొహమాటం తాళం వేసినట్టు ఇంకేదీ వెయ్యదు. ఆయన, బావమరిది, పిల్లలిద్దరు, నేను, ముసలాయన, ఆరుగురం ఎక్కాం. ఆవిడ మాత్రం తనకి భయమని గట్టు మీద ఉండిపోయింది.

వందగజాలు కూడా పోలేదు. కొంగల గుంపు లేచింది, బావమరిది ఫొటో తీస్తానని కెమెరాతో లేచి నిలబడ్డాడు. దోనె తిరగబడింది. లోతెంతో తెలుసా? నా ఛాతీ దాకా. నవ్వొచ్చేంత లోతు. కానీ కింద బురద మోకాళ్ళు పట్టుకుంది, పైన గుర్రపుడెక్క. పిల్లని నేను భుజాన వేసుకున్నాను, పెద్దవాళ్ళిద్దరూ దగ్గుతూ లేచారు, ముసలాయన దోనె పట్టుకుని ఉన్నాడు. లెక్కపెట్టాను. అయిదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు లేడు. గుర్రపుడెక్క కింద మనిషి ఉంటే పైకి ఏమీ కనపడదు, పచ్చగా, ప్రశాంతంగా, మధ్యమధ్య ఊదా పూలతో ఉంటుంది. గట్టు మీద ఆవిడ అరుపు. ముసలాయన దోనె వదిలేసి మునిగాడు, లేచాడు, మళ్ళీ మునిగాడు. మూడోసారి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు. పిల్లాడు నీళ్ళు కక్కి, ఊపిరి తీసి ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేను మళ్ళీ మీ బావ పుట్టినప్పుడే విన్నాను.

ఆ పెద్దమనిషి ఒక్క మాట అనలేదు. తడిబట్టలతోనే జీపెక్కి వెళ్ళిపోయారు. గట్టు మీద పిల్లాడి హవాయి చెప్పులు ఉండిపోయాయి. తరవాతి ఆదివారం వాటిని పేపర్లో చుట్టుకుని ఏలూరు వెళ్ళాను, గేటు దాకా వెళ్ళాను, వెనక్కి తెచ్చేసుకున్నాను. అప్పు నాలుగేళ్ళలో వడ్డీతో సహా తీర్చాను, వేరే మనిషి చేత పంపించి. ముసలాయనకి ఏమిచ్చానంటావా? ఒక పంచె. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పటినుంచీ నీళ్ళ దగ్గర మనుషులుంటే నేను గట్టు మీద చెప్పుల జతలు లెక్కపెడతాను. నీ పదో ఏట కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళినప్పుడు పంటు దిగగానే నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నానని అలిగి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు, గుర్తుందా? అందుకే పట్టుకున్నాను.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేదు, మీ అత్త వచ్చి టీవీ కట్టేసింది. కాబట్టి చాదస్తం అనుకున్నా పర్వాలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, పిల్లలకి పిల్లల సైజువి వేరేగా కొను, పెద్దది వేస్తే మెడలోంచి జారిపోతుంది. పడవ మీద ఎంతమందో అంకె పెద్దగా రాయించు. ఆ అంకె నువ్వు చెప్పక్కర్లేదు, పడవే చెబుతుంది, నీకు మొహమాటం తప్పుతుంది. చీకటి పడ్డాక తాళం వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో. మందు తాగినవాడు ఎవడైనా సరే, మీ పాత మేనేజరైనా సరే, మీ మావయ్యే అయినా సరే, ఎక్కనివ్వకు. కోపమొస్తే డబ్బులు వెనక్కిచ్చి పంపెయ్. గడ వేసేవాడు వద్దంటే ఇక ఆ మాట మీద మాట ఉండకూడదు, అతనికి జీతం కూడా వంటవాడికంటే తక్కువ ఇవ్వకు.

జాతర రోజుల్లోనే తెరవాలన్న ఆలోచన మానుకో, ఆ రద్దీలో నీకు ఊపిరాడదు. తరవాత వారం తెరువు, మొదటి రెండు వారాలూ నీ స్నేహితుల్నే పిలువు, వాళ్ళైతే తిడతారు గానీ కేసు పెట్టరు. పులుసులోకి మామిడికాయ అప్పటికి వస్తుంది, చింతపండు తగ్గించమని వంటవాడికి చెప్పు.

మేమిద్దరం ముందురోజే వస్తాం. మీ అత్త అప్పుడే ఆవకాయ జాడీ కడుగుతోంది, కొత్తకారం ఇంకా రాలేదన్నా వినదు. మాకు గది అక్కర్లేదు, అమ్ముకో. నాకు గట్టు మీద పడవ కనపడేలా ఒక కుర్చీ వేయించు.

ఈలోగా ఒక పని చెయ్యి. వెదురుగడ తీసుకుని అడుగడుక్కీ రంగు పూసి, మెట్ల దగ్గరా నాలుగు మూలలా దింపి చూడు. నీళ్ళెంతో ఒకటి, బురదెంతో ఒకటి, రెండు అంకెలు విడివిడిగా రాసుకో. ఆదివారం రాత్రి ఫోన్ చేస్తా, బురద అంకె ముందు చెప్పు.

మీ మావయ్య