మొన్నటి రైడ్‌లో ఏమైంది? సైకిల్ ప్రశ్నలు, జవాబులు

"మోకాలు నొప్పి పెడుతోంది, ఏం చేయాలి?" అని ఒక్క ముక్క రాసి పంపితే, చెప్పడానికి మాకేమీ మిగలదు. ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది, మోకాలికి ముందా వెనకా, చదును దారిలోనా ఎక్కుడులోనా అన్నది తెలిస్తే కారణం దాదాపు దొరికినట్టే. ఈసారి రాసిన పాఠకులందరూ తమ ఇటీవలి రైడ్ వివరాలు ఓపికగా పంపారు. అందుకే జవాబులు కూడా సూటిగా ఇవ్వగలుగుతున్నాం.

ప్ర: పోయిన ఆదివారం 32 కిలోమీటర్లు తొక్కాను. చాలావరకు చదును దారే. సుమారు 15 కిలోమీటర్లు దాటాక రెండు మోకాళ్లకూ ముందువైపు, చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. దిగి నడిస్తే తగ్గింది, ఎక్కితే మళ్లీ వచ్చింది. ఆగినప్పుడు భయం లేకుండా రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు పెట్టుకున్నాను. అది సరైనదేనా?

జ: కాదు. మీ నొప్పికి కారణం ఆ సీటు ఎత్తే అయి ఉంటుంది. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయంటే, మామూలు సైకిల్ మీద సీటు బాగా కిందికి ఉన్నట్టే. పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా మడుస్తుంది. సరిగ్గా ఆ మడతలో ఉండగానే మీరు బలం పెట్టి కిందికి తొక్కుతారు. చిప్పకీ దాని వెనకున్న ఎముకకీ మధ్య ఒత్తిడి అక్కడే పెరుగుతుంది. నిమిషానికి 70 సార్లు తొక్కినా గంటకు ఒక్కో మోకాలు 4,200 సార్లు ఆ ఒత్తిడిని మోయాలి. మొదటి పది కిలోమీటర్లలో తెలియనిది పదిహేను దాటాక తెలుస్తుంది.

ఎప్పుడూ వేసుకునే బూట్లతోనే, గోడ పట్టుకుని సైకిల్ ఎక్కండి. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అడుక్కి తిప్పండి. కాలు పూర్తిగా చాపినప్పుడు, నడుము పక్కకి ఒరగకుండా, మడమ పెడల్‌ను తాకుతూ ఉంటే అదే ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అడుగున కూడా మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగే ఉంటుంది. ఆ వంపు ఉండాలి.

లెక్క కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. బూట్లు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని గట్టిగా పైకి నొక్కి పట్టుకోండి. నేల నుంచి పుస్తకం పై అంచు వరకు కొలిచి, దాన్ని 0.883తో గుణించండి. 78 సెంటీమీటర్లు వస్తే సుమారు 69. క్రాంకులు (పెడళ్లు బిగించిన కడ్డీలు) తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం వరకు, సీటు గొట్టం వెంబడి అంత దూరం ఉండాలి. బూటు అడుగు మందం, క్రాంకు పొడవు మారితే ఇదీ మారుతుంది కాబట్టి దీన్ని మొదటి అంచనాగానే తీసుకోండి.

ఒకేసారి నాలుగైదు సెంటీమీటర్లు పెంచేయకండి. 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతి మార్పు తర్వాత రెండు మూడు రైడ్లు తొక్కి చూడండి. నొప్పి మోకాలి వెనక్కి మారినా, పెడల్ అడుక్కి వెళ్లినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊగుతున్నా పెంచడం ఎక్కువైందని అర్థం. సీటు కింద గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. అది బయటికి కనిపించేంత పైకి లాగకూడదు, గొట్టం విరగొచ్చు.

గేరు సంగతి కూడా చూసుకోండి. ఒక మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వస్తోందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 70 నుంచి 90 మధ్య ఉంటే మంచిది. చదును దారిలో 60 కన్నా తక్కువ వస్తుంటే గేరు బరువైంది, ఒకటి తేలిక చేయండి. ఇక ఆగేటప్పుడు భయం గురించి: సీటు మీద కూర్చునే కాలు దించాలని చూడకండి. బ్రేకు పడుతుండగానే ఒక పెడల్ మీద నిలబడి, సీటు ముందుకు జారి, రెండో కాలు నేల మీద పెట్టండి. ఖాళీ స్థలంలో ఒక పూట సాధన చేస్తే చాలు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, వాపు కనిపిస్తే మాత్రం సీటుతో ప్రయోగాలు ఆపి వైద్యుల్ని కలవండి.

ప్ర: రెండు వారాలు సైకిల్ తీయలేదు. తీసిన రోజు బొటనవేలితో నొక్కి చూస్తే గాలి బాగానే ఉందనిపించింది. ఆరు కిలోమీటర్ల దగ్గర గుంతలో పడ్డాను, వెనక టైరు వెంటనే దిగిపోయింది. ట్యూబులో పక్కపక్కనే రెండు చిన్న చీలికలు. ప్యాచ్ వేశాను. మూడు రోజుల తర్వాత అదే చక్రం మళ్లీ పంక్చర్, ఈసారి ఒకే సన్నని రంధ్రం, నెమ్మదిగా దిగింది. టైరు 700×32 (అంటే వెడల్పు 32 మిల్లీమీటర్లు), నా బరువు 70 కిలోలు. ట్యూబు మార్చేయాలా?

జ: ట్యూబు తప్పేమీ లేదు, మార్చనక్కర్లేదు. ఇవి రెండూ వేరు వేరు పంక్చర్లు.

పక్కపక్కనే రెండు చీలికలు ఉన్నాయంటే గాలి తక్కువైంది. గుంత అంచుకు తగిలినప్పుడు టైరు పూర్తిగా అణిగి, ట్యూబు రిమ్ము రెండు అంచులకీ నేలకీ మధ్య నలిగి చీలింది. ముల్లు గుచ్చుకుంటే ఒకే రంధ్రం పడుతుంది. మామూలు ట్యూబుల్లోంచి గాలి ఊరికే ఉన్నా వారం వారం కొంత పోతూనే ఉంటుంది. రెండు వారాలకు చాలినంత తగ్గిపోతుంది, అయినా బొటనవేలికి గట్టిగానే తగులుతుంది. మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. సైకిల్‌కి కొనే వస్తువుల్లో ఇంతగా ఉపయోగపడేది ఇంకొకటి లేదని మా అభిప్రాయం. మీ టైరుకు, మీ బరువుకు వెనక 60 నుంచి 65 పీఎస్‌ఐ (పంపు మీటరు మీద గాలి ఒత్తిడి కొలత), ముందు 50 నుంచి 55తో మొదలుపెట్టండి. వెనక చక్రం మీదే ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి ఆ తేడా. టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠం, గరిష్ఠం దాటకండి. సామాను పెట్టుకుంటే వెనక మరో ఐదు కలపండి.

రెండో పంక్చర్‌కి రంధ్రం ఎక్కడుందో చూడాలి. నేల వైపు ఉంటే ముల్లో గాజుముక్కో గుచ్చుకున్నట్టు. రిమ్ము వైపు ఉంటే, లోపల స్పోకుల రంధ్రాలను కప్పే పట్టీ జరిగింది. వాల్వు మొదట్లో చిరిగి ఉంటే తక్కువ గాలితో తొక్కడం వల్ల టైరు జరిగి వాల్వును లాగింది, దానికి ప్యాచ్ నిలవదు, అప్పుడు మాత్రం ట్యూబు మార్చాలి. టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వుకు ఎదురుగా వచ్చేలా ఎక్కించే అలవాటు చేసుకోండి. ట్యూబులో రంధ్రం వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో, టైరులో కూడా సరిగ్గా అంతే దూరంలో వెతకొచ్చు. గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉండొచ్చు. దాన్ని తీయకుండా ట్యూబుకు ఎన్ని ప్యాచులేసినా మర్నాడు మళ్లీ దిగుతుంది. టైరు లోపల చెయ్యి కాకుండా చిన్న దూది ఉండ తిప్పండి, ముల్లు ఉంటే పోగు చిక్కుకుంటుంది, వేలు తెగదు.

ప్యాచ్ ఊడిపోవడానికి ముఖ్య కారణం తొందర. రంధ్రం చుట్టూ ప్యాచ్ కన్నా కొంచెం వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, మెరుపు పోయాక పొడి తుడిచేయండి. సొల్యూషన్ (ప్యాచ్ అంటించే జిగురు) పలచగా రాసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. తడి మెరుపు పూర్తిగా పోయాకే ప్యాచ్ పెట్టాలి. తడిగా ఉండగా పెడితే అప్పటికి అతుక్కున్నట్టే ఉండి, గాలి కొట్టాక అంచు లేస్తుంది. పెట్టాక నడిమి నుంచి అంచులకు గట్టిగా నొక్కండి. పైనున్న పలచని ప్లాస్టిక్ లాగబోతే అంచు లేచేటట్టుంటే దాన్ని అలాగే వదిలేయండి. ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి కొట్టి టైరులో పెట్టండి. చివరి భాగాన్ని వాల్వుకు ఎదురు వైపు కాకుండా వాల్వు దగ్గర ముగిస్తే చేతులతోనే ఎక్కుతుంది, టైరు ఎత్తే లివర్ వాడి ట్యూబును మళ్లీ చిల్లు పొడిచే ప్రమాదం తప్పుతుంది. పూర్తి గాలి కొట్టే ముందు రెండు వైపులా టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కుందేమో చుట్టూ ఒకసారి చూడండి.

ప్ర: చైన్ అరిగిందంటే కొత్తది వేయించాను. వెంటనే వెళ్లిన రైడ్‌లో ఎక్కుడు మీద గట్టిగా తొక్కగానే చైన్ 'టక్'మని పళ్ల మీంచి జారుతోంది. వెనక ఎనిమిది గేర్లు. ఒకటి రెండింటిలోనే ఇలా అవుతోంది. చైన్ నాసిరకమా?

జ: చైన్ బాగానే ఉంది. ఆ ఒకటి రెండు గేర్లు మీరు ఎక్కువగా వాడేవి అయి ఉండాలి. పాత చైన్ సాగేకొద్దీ వాటి పళ్లు కూడా దానికి తగ్గట్టు అరిగాయి. కొత్త చైన్ పిన్నుల మధ్య దూరం సరిగ్గా అరంగుళం. అరిగిన పళ్లలో అది కూర్చోదు, బలం పడగానే మీదికెక్కి జారుతుంది. వెనక పళ్ల చక్రాల సెట్ మార్చడమే దారి. అప్పటిదాకా ఆ రెండు గేర్లలో నిలబడి తొక్కకండి, చైన్ జారితే మీరూ పడతారు.

ఇకముందు ఇలా కాకుండా చైన్‌ను కొలుస్తూ ఉండండి. ఉక్కు స్కేలుతో ఒక పిన్ను నడిమిని సున్నా దగ్గర పెట్టి, అక్కడినుంచి 24వ పిన్ను నడిమి వరకు చూడండి. కొత్తదైతే 304.8 మిల్లీమీటర్లు. మీ ఎనిమిది గేర్ల సైకిల్‌కి 307 దాటగానే చైన్ మార్చాలి. పదకొండు, పన్నెండు గేర్లవాళ్లు 306 దాటగానే మార్చడం మంచిది. అప్పుడు మారిస్తే పళ్ల సెట్ ఇంకో రెండు మూడు చైన్లకు పనికొస్తుంది.

అన్ని గేర్లలోనూ, తేలిగ్గా తొక్కుతున్నా టక్‌టక్ మంటుంటే అది వేరే సంగతి. చైన్‌లో ఒక లింకు బిగుసుకుని ఉండొచ్చు, లేదా వెనక గేరు కేబుల్ సర్దుబాటు తప్పి ఉండొచ్చు. కేబుల్ చివర చేత్తో తిప్పే మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడండి. చైన్‌కు నూనె ఒక్కో రోలరు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క, పది నిమిషాలయ్యాక పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయండి. నూనె పనిచేసేది రోలర్ల లోపలే. పైన జిడ్డుగా మిగిలితే దుమ్ము అంటుకుని చైన్‌ను తినేస్తుంది.

ప్ర: 48 కిలోమీటర్లు వెళ్లొచ్చాను. వెళ్లేటప్పుడు గంటకు 24, వచ్చేటప్పుడు ఎదురుగాలిలో 16. సగటు 20 రావాలి కదా, ఫోన్ 19.2 చూపిస్తోంది. పైగా తిరుగు దారిలో ఒంట్లో బలమంతా అయిపోయింది.

జ: ఫోన్ లెక్క సరైనదే. వెళ్లడానికి ఒక గంట, రావడానికి గంటన్నర, మొత్తం రెండున్నర గంటల్లో 48 కిలోమీటర్లు. నెమ్మదిగా వెళ్లినంతసేపూ కాలం ఎక్కువ గడుస్తుంది కాబట్టి సగటు ఎప్పుడూ కిందికే లాగుతుంది.

అలసట గురించి. గాలి వేగం 12 అనుకుందాం. వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తే మీ ఒంటికి తగిలింది 12 మాత్రమే. వచ్చేటప్పుడు 16కు 12 కలిసి 28. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే అయిదు రెట్లు దాటింది. వీలైనప్పుడల్లా ఎదురుగాలిలో బయల్దేరి, తోసే గాలితో తిరిగి రండి. ఎదురుగాలిలో వేగం నిలబెట్టుకోవాలని చూడకండి. గేరు తేలిక చేసి అదే తొక్కుడు లయ ఉంచి, మోచేతులు వంచి ఒళ్లు కిందికి దించండి. రెండున్నర గంటలకు కనీసం లీటరున్నర నీళ్లు వెంట ఉండాలి, ఎండ ఎక్కువైతే ఇంకా.

ప్ర: గంట దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి.

జ: అరచేతి బయటి అంచున ఉన్న నరం హ్యాండిల్‌కి నొక్కుకుంటోంది. ముందుగా సీటు చూడండి. ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువు చేతుల మీదికి జారుతుంది. మట్టం చేయండి. బ్రేకు లివర్లను మణికట్టు వంగకుండా ముంజేతి వరసలోకి తిప్పండి. ఐదు నిమిషాలకోసారి పట్టు మార్చండి. ఇవేమీ పనిచేయకపోతే హ్యాండిల్ దూరమైంది, పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కి కలిపే ముక్క) వేయించండి.

ప్ర: ప్రతి రైడ్ గురించి తోటివాళ్లకు రాస్తాను. "బాగుంది" అంటారు, కానీ నేను రాసింది నమ్ముకుని వెళ్లినవాళ్లు ఇబ్బంది పడ్డామన్నారు. ఏం రాయాలి?

జ: "కొంచెం ఎక్కుడు", "దారి పర్వాలేదు" లాంటి మాటలు తీసేయండి. మీకు కొంచెం అనిపించింది ఇంకొకరు దిగి నడవాల్సిన ఎక్కుడు కావచ్చు. "9వ కిలోమీటరు దగ్గర మొదలై ఒక కిలోమీటరులో 60 మీటర్లు ఎక్కుతుంది" అని రాస్తే అది ఆరు శాతమని చదివినవారికి తెలుస్తుంది. "11 నుంచి 14 వరకు వదులు కంకర, 32 టైరుతో నెమ్మదిగా వెళ్లాను" అని రాస్తే 25 టైరువాళ్లు వేరే దారి చూసుకుంటారు. తొక్కిన సమయం, మొత్తం సమయం విడివిడిగా ఇవ్వండి. బయల్దేరిన వేళ, గాలి ఎటునుంచి, చివరిసారి నీళ్లు దొరికిన చోటు, అలిసిపోతే మధ్యలోంచి తిరిగి రాగల అడ్డదారి, ఇవి తప్పకుండా ఉండాలి. తప్పు మలుపు తీసుకునే అవకాశమున్న చోట అక్కడ కనిపించే గుర్తు చెప్పండి. మొత్తం ఎక్కిన ఎత్తు మాత్రం ఇద్దరి ఫోన్లలో రెండు రకాలుగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఉపగ్రహాలతో ఎత్తు కొలత దూరమంత కచ్చితంగా రాదు.

మ్యాప్ పంచుకునేటప్పుడు మొదటి, చివరి కిలోమీటరు కత్తిరించండి. అయితే ప్రతిసారీ ఇంటి నుంచి సరిగ్గా ఒకే దూరం కత్తిరిస్తే, అలాంటి పది మ్యాపులు పక్కపక్కన పెట్టినవారికి ఒక వృత్తం, దాని మధ్యలో మీ ఇల్లు కనిపిస్తాయి. ఒక కూడలి నుంచో పార్కు నుంచో రికార్డింగు మొదలుపెట్టడం అంతకన్నా మేలు. తిరిగొచ్చాకే పంపండి.

ప్ర: వానలో తడిసినప్పటినుంచి డిస్క్ బ్రేకులు కీచుమంటున్నాయి. శబ్దం పోతుందని నూనె స్ప్రే కొట్టాను. ఇప్పుడు బ్రేకే సరిగా పడట్లేదు.

జ: ఆ సైకిల్‌ని ప్రస్తుతానికి తొక్కకండి. నీళ్ల వల్ల వచ్చే శబ్దం నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేస్తే ఆరిపోయి తగ్గుతుంది. డిస్క్‌ను నొక్కి పట్టే ప్యాడ్లు నూనె పీల్చుకున్నాక మాత్రం మామూలుగా బాగుపడవు, కొత్తవి వేయించండి. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో రెండు వైపులా, గుడ్డకు నలుపు అంటనంతవరకు తుడవండి. వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డు చాలు మళ్లీ శబ్దానికి. కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు. వాహనాలు రాని చోట గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ముందు బ్రేకుతో ఇరవై సార్లు, వెనక దానితో ఇరవై సార్లు. పట్టు పెరగడం చేతికే తెలుస్తుంది. చైన్‌కు నూనె వేసేటప్పుడు ఇకపై స్ప్రే వద్దు, చుక్కల సీసా వాడండి, వెనక డిస్క్ మీద ఒక గుడ్డ కప్పండి.